తారురోడ్డు ఆగినచోట నాలుగు నిమ్మకాయలు

"లీలావతి గారు తప్పిపోలేదండీ, మా నుంచి తప్పుకున్నారు," అంది అలివేలు, వేడన్నంలో చింతపండు పులుసు పోసి తెడ్డుతో కలుపుతూ. "ఆ రెంటికీ తేడా పోలీసులకి ఇంగ్లీషులో చెప్పడం నా వల్ల కాలేదు."

భానుశ్రీ ఆ మాటని జాగ్రత్తగా ఒక పక్కన పెట్టుకుంది. ఆవిడకి ప్రైవేట్ డిటెక్టివ్‌గా లైసెన్సుంది. చూసినవాళ్ళు మాత్రం వ్రతానికి పిలుపులకొచ్చిన పిన్నిగారనుకుంటారు. ఆ పొరపాటు మీదే ఆవిడ వృత్తి నడుస్తోంది. బల్లకి అటొకరూ ఇటొకరూ కూర్చుని అడిగితే ఎవరూ నిజం చెప్పరనీ, వంట దగ్గర కూర్చుని ఏదో ఒక పని అందుకుంటే అడక్కుండానే చెప్పేస్తారనీ ఆవిడ అనుభవం. ఇప్పుడూ వేయించిన వేరుశనగపప్పు పొట్టు నలుపుతోంది.

మెరిండా రోడ్‌హౌస్ అంటే ఒక పెట్రోలు బంకు, ఒక తిండి కౌంటరు, వెనక వరసగా పది గదులు. అంతే. ఆ తర్వాత ఏ దిక్కుకి చూసినా భూమి అంచుదాకా ఎర్రమట్టి, దాని మీద బోర్లించినట్టు ఆకాశం. అడిలైడ్ నుంచి నిన్నంతా కారు నడుపుకుంటూ వస్తూంటే సగం దారిలోనే భానుశ్రీకి మాటలు ఆగిపోయాయి. మాట్లాడ్డానికి పక్కన ఎవరూ లేరు, అది వేరే సంగతి. ఇంత చోటు ఉందని ఇన్నాళ్ళూ ఎవరూ తనకి చెప్పలేదే అనిపించింది. ఇక్కడ మనిషి తప్పిపోవడం వింత కాదు. దొరకడమే వింత.

కేసు సంగతి నాలుగు ముక్కల్లో ఇదీ. లీలావతికి అరవై మూడేళ్ళు. అనంతపురంలో బతుకంతా జాగ్రఫీ టీచరుగా చేసి, ఇప్పుడు అడిలైడ్ శివారు మాసన్ లేక్స్‌లో మేనకోడలు సృజన దగ్గర ఉంటోంది. 'సకుటుంబం టూర్స్' వాళ్ళ బస్సులో ఎడారి చూడ్డానికి వచ్చింది. మంగళవారం పొద్దున బస్సువాళ్ళతో, మీరు వెళ్ళి రండి, నేను సాయంత్రానికి వచ్చేస్తానని చెప్పి, ఒక ఫోర్ వీల్ డ్రైవ్ అద్దెకి తీసుకుని ఒంటరిగా ఎడారిలోకి వెళ్ళింది. రాలేదు. బుధవారం పొద్దున కారు దొరికింది, తాళంచెవి దానికే ఉంది, మనిషి లేదు. ఇవాళ గురువారం, మధ్యాహ్నం దాటింది. కారు దొరికినచోటు చుట్టూ పోలీసుల చిన్న విమానం గద్దలా తిరుగుతోంది.

పోలీసు సార్జెంటు, నడివయసు ఆవిడ, భానుశ్రీతో దాచకుండా చెప్పింది. ఇది చలికాలం కాబట్టి కొంచెం నీళ్ళున్న మనిషి ఇవాళ్టి దాకా ఓర్చుకోగలదు, మహా అయితే రేపు. ఎల్లుండి గురించి అడగొద్దంది.

అలివేలూ ఆవిడ భర్త నరసింహా మెల్‌బోర్న్‌లోని క్లైడ్ నార్త్ నుంచి ఈ టూర్లు నడుపుతారు. ఆయన బస్సు నడిపితే ఈవిడ వంట నడుపుతుంది. ఎక్కడికి తీసుకెళ్ళినా బ్రెడ్డు తినాల్సిన అవసరం లేదనేదే వాళ్ళ ప్రచారమంతా. లీలావతికి దానితో పేచీ లేదు, పెట్టింది పెట్టినట్టు తినేదట. పేచీ ఆగే చోట్ల దగ్గర వచ్చింది. చూడాల్సిన ప్రతిచోటా బస్సు ఇరవై నిమిషాలు ఆగుతుంది. అందులో పది గ్రూపు ఫొటోకి, ఎనిమిది బాత్రూములకి, మిగిలిన రెండూ సృష్టికి. ఆవిడ ఎన్నో ఏళ్ళు సహారా నుంచి మెక్సికోలో సొనోరా దాకా ఎడారులన్నీ నల్లబల్ల మీద వేసింది. సొనోరాలో చేతులెత్తి నిలబడ్డ మనుషుల్లా ఉండే బ్రహ్మజెముళ్ళని కళ్ళు మూసుకుని వేయగలదు. ఒక్క ఎడారినీ చూడలేదు. చూసేటప్పుడు పక్కన అంత్యాక్షరి వద్దని, అంతే, ఆవిడ కోరిక.

"సోమవారం రాత్రి భోజనాల దగ్గర ఫోన్‌లో ఒక ఫొటో అందరికీ చూపించారండీ," అంది అలివేలు. "పెళ్ళి ఆల్బం తిప్పినట్టు తిప్పారు. ఏముందీ అందులో, రాయి."

ఆ రాయి భానుశ్రీ ఫోన్‌లోనూ ఉంది, సృజన పంపింది. పలకలు పలకలుగా ఉన్న బండ. దాని మీద మధ్యలో ఈనె ఉన్న ఆకులాంటి అచ్చు. దాని పక్కనే, యంత్రంతో కోసినట్టు, మూడు నలుచదరపు గుంటలు, అంచులు ఇంకా తెల్లగా. కింద లీలావతి రాసిన మాట: 'భూమ్మీద జంతువులు ఇంకా ఎముకలు కూడా వేసుకోని కాలం నాటి ముద్ర ఇది. ఎవరో కొండ పుస్తకంలోంచి పేజీలు చింపుకుపోతున్నారు సృజనా. రేపు సరిగ్గా చూసి చెప్తాను.' అలాంటి రాళ్ళు దేశం దాటించడం నేరం. కొనేవాళ్ళు మాత్రం దేశదేశాల్లో ఉన్నారు. ఆ బండ ఎక్కడుందో ఫొటోలో తెలియదు. సోమవారం, ఇసుకలోనూ నడిచే ఆ ఎత్తు చక్రాల బస్సు మూడుచోట్ల ఆగింది, మూడుచోట్లా రాళ్ళే.

అన్నంలో నిమ్మకాయ పిండుకుంటే బావుంటుందేమో అని భానుశ్రీ ఊరికే అంది. అలివేలు తెడ్డు ఆపి పుండు మీద కారం పడ్డట్టు చూసింది. మెల్‌బోర్న్ వైపు నుంచి సౌత్ ఆస్ట్రేలియాలోకి వచ్చేటప్పుడు సరిహద్దులో పళ్ళూ కాయలూ రానివ్వరు, పండుఈగ భయం. ఆ సంగతి మర్చిపోయి బుట్టెడు నిమ్మకాయలు తెచ్చి, దగ్గరుండి చెత్తడబ్బాలో పోసి వచ్చింది. అప్పట్నుంచీ నిమ్మకాయ పులిహోర అని అచ్చు వేయించిన రోజున కూడా చింతపండే. బస్సు మొత్తం మీద నిమ్మకాయలున్నది అడిలైడ్‌లో ఎక్కిన లీలావతి దగ్గరే. సృజన వాళ్ళ పెరటి చెట్టువి, నాలుగు.

"చారులోకి రెండివ్వండి పిన్నిగారూ అంటే ఇవ్వలేదండీ. కారు చక్రాల కింద పెట్టాలి, కొత్త బండి, కొత్త దారి అన్నారు. మరి ఇక్కడే పెట్టెయ్యండి, హారతి నేనిస్తానన్నాను. తారు ఉన్నంతవరకూ గవర్నమెంటు చూసుకుంటుందమ్మా, తారు ఆగినచోట దేవుడితో పని అని నవ్వుకుంటూ వెళ్ళిపోయారు."

"ఈ మాట అన్నప్పుడు ఇంకెవరైనా విన్నారా?"

"నేనూ, ఈ గిన్నే."

భానుశ్రీ పొట్టు ఊదేసి లేచింది.

*

కారు అద్దెకిచ్చింది జశ్వంత్. ముప్పై ఏళ్ళుంటాయి. చదువుకోడానికి అడిలైడ్ యూనివర్సిటీకి వచ్చి, ఇక్కడే ఉండిపోడానికి పీఆర్ తెచ్చుకుని, ఊళ్ళో ఉద్యోగం వద్దనుకుని ఈ రోడ్‌హౌస్ వెనక షెడ్డు పెట్టాడు. రెండు జీపులు, ఒక మట్టిదారుల బైకు. బస్సు టూర్లంటే గిట్టని మనవాళ్ళకి కారు, మ్యాపు, రేడియో, నీళ్ళ క్యాను ఇచ్చి, మీ దారి మీరే చూసుకోండని పంపిస్తాడు. ఎంతో మర్యాదస్థుడు. భానుశ్రీని చూడగానే కుర్చీ తుడిచి వేశాడు.

ఆవిడ అడిగినవన్నీ చెప్పాడు. మంగళవారం ఏడింటికి తాళాలిచ్చాడు. తారు ఆగాక ఇసుక వస్తుంది కాబట్టి టైర్లలో గాలి సగానికి దించుకోవాలని, ఎలా దించాలో దగ్గరుండి చూపించాడు. ఎర్ర ఇసుకదిబ్బలు చూడాలని ఆవిడే అంది, అందుకు కుడి దారి చెప్పాడు. తను ఆ రోజంతా షెడ్డులో రెండో జీపు గేర్‌బాక్సు కింద పడుకుని ఉన్నాడు. సాయంత్రం ఆవిడ రాలేదని అలివేలు చెప్పగానే పోలీసులకి ఫోన్ చేసిందీ, తెల్లారగానే వెతుక్కుంటూ వెళ్ళి కుడి దారిలో కారు కనిపెట్టిందీ తనే. అప్పట్నుంచీ పోలీసులకి దారి చూపిస్తున్నాడు. పెట్రోలు కోసం ఇప్పుడే వెనక్కి వచ్చాడు. చెప్తూంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఎడమ దారి ఎటు పోతుంది నాయనా?" అంది భానుశ్రీ.

"ఉప్పు సరస్సుకి, ఆంటీ. అటు నేను కార్లు ఇవ్వను. పైన తెల్లగా గట్టిగా కనిపిస్తుంది గానీ కింద అంతా బురద. ఆంటీకి కూడా చెప్పాను, అటు మాత్రం వద్దని." టోపీ సర్దుకున్నాడు. "మీరు కూడా తారు దాటకండి. ఆర్వోకి, అదే పొద్దు వాలేసరికి, గాలి లేస్తుంది."

"మేడమ్ తారు దాటరు," అంది వెనక నుంచి ఒక గొంతు. "దాటే కారు తేలేదు."

బహదూర్. భానుశ్రీ తల తిప్పకుండానే నిట్టూర్చింది. ఒకప్పుడు ఇద్దరూ అడిలైడ్‌లో ఒకే ఇన్సూరెన్సు ఆఫీసులో పక్కపక్క సీట్లలో పనిచేశారు. ఒక ఇల్లు తగలబడితే నిప్పు ఎక్కడ పుట్టిందా అని ఈవిడ చూసేది, సంతకం ఎక్కడ పెట్టారా అని ఆయన చూసేవాడు. పదేళ్ళు గడిచినా ఇద్దరి చూపులూ మారలేదు. ఆయన హైదరాబాదు మలక్‌పేట మనిషి. ఇప్పుడు క్లైడ్ నార్త్‌లో సొంత ఏజెన్సీ. నరసింహ ఆయన్ని పిలిపించుకున్నాడు. సృజన ఈవిడని పంపింది.

"కేసు ఖతం మేడమ్," అన్నాడు బహదూర్. "ఆమె బస్సు దిగింది, సొంతంగ కారు తీసుకున్నది, సొంతంగ దారి తప్పింది. కంపెనీ మీద ఏం లేదు. రిపోర్టు రాసుడే తక్కువ."

"మనిషి ఇంకా దొరకలేదు కదండీ."

"దొరికితే ఖుష్. దొరకకపోయినా రిపోర్టు గదే."

జశ్వంత్ ఆయన చేతికి ఒక రేడియో ఇచ్చాడు, ఏం కావాలన్నా పిలవండి అంకుల్, సెకన్లలో పలుకుతానని. తర్వాత జీపెక్కి తారు వైపు కదిలాడు, పోలీసుల దగ్గరికి.

భానుశ్రీ బహదూర్ కారు చుట్టూ ఒకసారి తిరిగింది. ఎత్తైన తెల్ల ఫోర్ వీల్ డ్రైవ్, నాలుగు చక్రాలూ నడుమెత్తున ఉన్నాయి. అలివేలు పులిహోర బహు రుచిగా ఉందనీ, తన దగ్గర రెండు డబ్బాలున్నాయనీ, తారు ఆగేచోట కూర్చుని తింటే గాలి బావుంటుందనీ అంది. మలక్‌పేట మనిషిని పడగొట్టడానికి ఆ మాత్రం చాలు.

*

తారు ఉన్నట్టుండి ఆగిపోతుంది, చెప్పాల్సిన మాట గొంతులో ఆగినట్టు. అక్కణ్ణుంచి రెండు మట్టిదారులు. మధ్యలో నీళ్ళు, పెట్రోలు, ప్రాణం గురించి హెచ్చరికలున్న పెద్ద బోర్డు. భానుశ్రీ కారు దిగింది. తలుపు వేసిన చప్పుడు ఎటూ తగలకుండా వెళ్ళిపోయింది, వెనక్కి రాలేదు. తన చెవుల్లో తన రక్తం పారడం వినిపించింది. ఊళ్ళో నిశ్శబ్దం అంటే చప్పుళ్ళు తగ్గడం. ఇక్కడ నిశ్శబ్దం ఒక వస్తువు, ముట్టుకుంటే తగిలేటట్టుంది. అప్రయత్నంగా చీరకొంగు భుజం చుట్టూ కప్పుకుంది, పెద్దవాళ్ళ ఎదుట నిలబడ్డట్టు.

కుడి దారి మొదట్లో నేలని అడుగడుగునా చూసింది. పోలీసు బళ్ళు తిరిగి తిరిగి మట్టిని పిండి చేసేశాయి. వెతుకుతున్నది కనబడలేదు. దేని గురించి వెతుకుతున్నారని బహదూర్ డబ్బా మూత తీస్తూ అడిగాడు. చెప్పింది. ఆయన ముద్ద నోట్లో పెట్టుకోకుండా నవ్వాడు. కాకులు ఎత్తుకుపోయి పప్పుచారు పెట్టుకుని ఉంటాయన్నాడు.

అవి ఎడమ దారి నోట్లో ఉన్నాయి. బోర్డుకి అవతల, ఒక బూడిదరంగు పొద చాటున. మట్టిలోకి అణిగి, ఎండిపోయి, ఎవరో పారేసిన తొక్కల్లా ఉన్నాయి. వెతికినవాళ్ళు చూసే ఉంటారు, ఎవరి తిండో అనుకుని ఉంటారు. భానుశ్రీ మోకాళ్ళ మీద కూర్చుంది. పెరటి చెట్టు కాయలు, గరుకు తొక్క. ఒక్కో దాని మీద కుంకుమ బొట్టు ఇంకా ఉంది. ముందు రెండు, వెనక రెండు, సరిగ్గా ఒక కారు పట్టేంత ఎడంగా.

ఈ మహా శూన్యంలో, ఏ దేవుడి పేరూ ఈ మట్టికి తెలియని చోట, ఒక్కత్తీ వంగి నాలుగు చక్రాల ముందూ నాలుగు కాయలు పెట్టి, దణ్ణం పెట్టుకుని, లేచి చీర దులుపుకున్న మనిషి భానుశ్రీకి కళ్ళకి కట్టింది. బహదూర్‌ని పిలిచింది.

"ఇవి ఆవిడవే. బస్సులో ఇంకెవరి దగ్గరా నిమ్మకాయ లేదు, సరిహద్దులో పారబోశారు. కాబట్టి ఆవిడ బయలుదేరింది ఈ దారిన."

"లేదంటే అటు నుంచి వచ్చి ఇక్కడ తిప్పుకున్నదేమో. కారు మూతి ఎటున్నదో నిమ్మకాయ చెప్తదా?"

"చెప్తుంది. చూడండి. సరస్సు వైపున్న రెండూ అప్పడాలైపోయాయి. తారు వైపున్న రెండూ చితికాయంతే, ఇంకా కాయల్లా ఉన్నాయి. కారు కదిలితే ముందు చక్రాల కిందివి ఒకసారి నలుగుతాయి. వెనక చక్రాలు తమ కిందివి తొక్కి, ముందుకొచ్చి, వీటిని మళ్ళీ తొక్కుతాయి. రెండుసార్లు నలిగినవి ఎటుంటే మూతి అటు."

బహదూర్ చాలాసేపు వంగి చూశాడు. ఆయన ఇంటి ముందూ కొత్త కారు నిలబడే ఉంటుంది, పక్కింటి తెలుగువాళ్ళు నిమ్మకాయలు పెట్టే ఉంటారు. లేచేసరికి మొహంలో వెటకారం కొంచెం తగ్గింది, మొండితనం తగ్గలేదు. తర్వాత మనసు మార్చుకుని కుడి వైపు పోయి ఉండొచ్చు కదా అన్నాడు. కారు అక్కడే దొరికింది, కార్లు నడిచి రావు.

"దేవుడికి ఒక దారి చూపించి ఇంకో దారిన పోతామా బహదూర్ గారూ? కారు ఎవరో తెచ్చి అక్కడ పెట్టారు. అందరూ అక్కడే వెతకాలని పెట్టారు. రెండు రోజులుగా మనం తప్పుచోట ఆవిడ పేరు పెట్టి అరుస్తున్నాం."

ఆవిడ ఉపగ్రహ ఫోన్‌లో సార్జెంటుకి అంతా చెప్పింది. నిమ్మకాయల సంగతి వివరించడానికి రెండుసార్లు మొదట్నుంచి మొదలెట్టాల్సి వచ్చింది. సార్జెంటు నవ్వలేదు. విమానం ఇంధనానికి దిగింది, నింపగానే సరస్సు వైపు పంపుతాను, గంట పట్టొచ్చు, మీరు కదలొద్దు అంది. భానుశ్రీ సరేనని పెట్టేసి, కారు ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది.

"నా కారు," అన్నాడు బహదూర్.

"అవును. తొందరగా రండి."

ఆయన బయట నిలబడి రెండు నిమిషాలు ఎవరితోనో ఏదో మాట్లాడి వచ్చాడు. తన రిపోర్టు ఎట్లా తిరగరాయాలో నరసింహతో మొర పెట్టుకుంటున్నాడనుకుంది ఆవిడ.

*

ఇసుక మొదలవగానే కారు కూరుకుపోయింది. బహదూర్ దిగి, జశ్వంత్ చెప్పిన పద్ధతే, నాలుగు టైర్లలోనూ గాలి బుస్సుమని సగానికి దించాడు. ఆ తర్వాత కారు పిల్లిలా నడిచింది. మళ్ళీ గట్టి దారెక్కే ముందు గాలి కొట్టుకోవాల్సిందే, పంపు ఉన్నది కాబట్టి సరిపోయింది, లేకపోతే టైర్లు పేలిపోతయ్ అని గొణిగాడు.

చివరి దిబ్బ ఎక్కి కారు ఆగింది. ఇద్దరూ దిగారు.

కింద భూమి లేదు. తెలుపు ఉంది. దిబ్బ అంచు నుంచి ఆకాశం దాకా ఒకే తెలుపు, ఎక్కడ ఆగి ఎక్కడ ఆకాశమైందో చెప్పడానికి ఒక గీత కూడా లేదు. కళ్ళు పట్టుకోడానికి ఏదైనా దొరుకుతుందేమోనని వెతికి వెతికి, దూరంగా గాలిలో తేలుతున్నట్టున్న ఒక నల్లటి రాతి దీవి దగ్గర ఆగాయి. నీళ్ళు ఎండిపోయి ఎన్ని వేల ఏళ్ళైందో, సముద్రం తన ఉప్పుని మర్చిపోయి వెళ్ళినట్టుంది. బహదూర్ నోట్లోంచి సుభానల్లా అని నెమ్మదిగా వచ్చింది. భానుశ్రీ చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. నల్లబల్ల మీద సుద్దముక్కతో దీన్ని వేసిన మనిషి, దీని ఎదుట ఒంటరిగా నిలబడ్డ ఆ క్షణంలో ఏమనుకుందో అడగాలనిపించింది. అడగడానికి ఆవిడ బతికుండాలి.

దిబ్బ దిగేసరికి, ఎడమ చేతి వైపు, పలకల బండ. ఫొటోలోదే. ఇప్పుడు నలుచదరపు గుంటలు మూడు కాదు, పదకొండు.

బండ పక్కన, గాలి తగలని ఇసుకలో ఒకే చక్రం గీత. బైకు. అక్కణ్ణుంచి ఉప్పు మీదికి రెండు జతల అడుగులు. గాలి ఇసుకని చెరిపేసింది గానీ ఉప్పుపొర మీద అచ్చులు నిన్న పోసినట్టున్నాయి. చిన్నవి ముందు, పెద్దవి వెనక. చిన్నవి దగ్గర దగ్గరగా, తొందరగా ఉన్నాయి. పెద్దవి అంగలు. వెంటాడడాన్ని ఇంత స్పష్టంగా రాసిన కాగితం భానుశ్రీ ఎప్పుడూ చూడలేదు.

కొంత దూరం వెళ్ళాక రెండూ విడిపోయాయి. ఉప్పు ముదురుగా, తడిగా ఉన్న చోట్లని చిన్న అడుగులు జాగ్రత్తగా తప్పించుకుంటూ, మందంగా తెల్లగా ఉన్న మెరకలు పట్టుకుని, వంకర్లు తిరుగుతూ సాగాయి. ఏ ఉప్పు మోస్తుందో, ఏది మింగుతుందో తెలిసిన అడుగులు. పెద్దవి అడ్డదారిన నేరుగా పోయి, ఒకచోట మోకాలిదాకా కూరుకుని, బురద కెలికి, వెనక్కి తిరిగాయి. చిన్నవి ఆగలేదు. తేలుతున్న ఆ నల్లటి దీవి వైపు, కనిపించినంత మేరా, సూదిపోటుల్లా.

"అరవై మూడేళ్ళ ఆడమనిషి," అన్నాడు బహదూర్.

అప్పుడు దీవి మీద ఏదో మెరిసింది.

ఆగింది. మళ్ళీ మెరిసింది, మూడుసార్లు, ఒక పద్ధతిగా. స్టీలు డబ్బా మూతో ఏదో, ఎండని పట్టి వాళ్ళ మీదికి విసురుతోంది. భానుశ్రీ సంచీలోంచి బొట్టు అద్దం తీసి, ఎండకి తిప్పి, మూడుసార్లు జవాబిచ్చింది. అవతల వెలుగు ఒక్క క్షణం నిలిచిపోయింది, నమ్మలేనట్టు. తర్వాత పిచ్చి ఆనందంతో వరసగా మెరవడం మొదలెట్టింది. ఆ మహా తెలుపులో అది ఆవగింజంత. అయినా ఆ ఎడారి మొత్తం దాని చుట్టూ సర్దుకున్నట్టు అనిపించింది భానుశ్రీకి. కళ్ళు తుడుచుకుంది, తుడుచుకోలేదన్నట్టు మొహం పెట్టింది. బహదూర్ తన కళ్ళు తుడుచుకుని ఇసుక పడిందన్నాడు.

ఆవిడ కాసేపు దిబ్బ మీద ఆగిన కారు వైపు చూసింది. గాలి దిగి చతికిలబడ్డ ఆ టైర్ల వైపు.

"లీలావతి గారి కారు మీరు చూశారు కదూ. టైర్లు ఎలా ఉన్నాయి?"

"ఒక్కొక్కటి తన్ని చూసిన. గట్టిగ ఉన్నయ్, నిండుగ. వీడియో కూడా తీసిన."

"లోపల గాలి పంపు ఉందా?"

"లేదు. సామాన్లన్నీ నేనే..." ఆయన ఆగిపోయాడు. ఇక్కడిదాకా రావాలంటే ఎంత గాలి తియ్యాలో ఇప్పుడే వంగి వంగి తీసిన మనిషి ఆయన.

"ఎవరో ఇక్కణ్ణుంచి ఆ కారు తోలుకెళ్ళి, గాలి నింపి, అప్పుడు వదిలేశారు," అంది భానుశ్రీ. "బైకు వెనక వేసుకుని తోలుకెళ్ళి, పని అయ్యాక దాని మీద తిరిగి వచ్చి ఉంటారు. ఒక మనిషిని ఎడారికి వదిలేసి వచ్చే తొందరలో కూడా టైర్లు పాడైపోతాయని ఆగాడు. వదిలేసే కారు టైర్ల గురించి ఎవడాలోచిస్తాడండీ? టైర్లు తనవైతే తప్ప."

బహదూర్ మొహంలో రంగు మెల్లగా దిగిపోయింది. ఆయన చెయ్యి నడుముకున్న రేడియో మీదికి వెళ్ళింది, దాన్ని ముట్టుకుని కాలినట్టు వెనక్కి వచ్చింది.

"మేడమ్," అన్నాడు. "నేను తారు కాడ మాట్లాడింది నరసింహతోటి కాదు. గీ దారి మనకు తెల్వదు గదా, పోరడు తెలిసినోడని జశ్వంత్‌కి చెప్పిన. సరస్సు దిక్కు పోతున్నం, నిమ్మకాయలు దొరికినయ్ అని. అంకుల్, మీరు అక్కడ్నే ఉండున్రి, నేను వస్తున్న అన్నడు."

ఆయన్ని తిట్టడానికి టైము లేదు భానుశ్రీకి. వెనక్కి తిరిగి చూసింది. వాళ్ళు వచ్చిన దారిలో, రెండు దిబ్బల అవతల, ఎర్రటి దుమ్ము సన్నటి తోకలా లేచి, ముందుకు సాగుతోంది. ఒకే బండి. విమానం చప్పుడు ఎక్కడా లేదు. ఆవిడ నీళ్ళ సీసా తీసుకుని, చెప్పులు విడిచి, ఉప్పు మీద మొదటి చిన్న అడుగులో తన అడుగు పెట్టింది. పొర నిలిచింది. బహదూర్‌ని కారు అడ్డంగా పెట్టి, ఏం చేసైనా సరే అతన్ని దిబ్బ మీదే ఆపమంది.

అప్పుడు గుర్తొచ్చింది అద్దం సంగతి. వెలుగుతో 'ఇక్కడున్నాం' అని చెప్పింది, అది తేలికే. 'ఆపండి, దాక్కోండి' అని వెలుగుతో ఎలా చెప్పాలి? అద్దాన్ని కొంగులో చుట్టేసింది. మనిషి మాట అంత దూరం పోదు. రెండు చేతులూ అడ్డంగా ఊపింది. అక్కణ్ణుంచి చూస్తే అది పిలుస్తున్నట్టే ఉంటుందని ఊపుతున్నప్పుడే తెలిసింది.

నల్లటి దీవి మీద వెలుగు ఆగలేదు. ఇంకా చురుగ్గా, ఇంకా సంతోషంగా మెరుస్తోంది. రెండు పగళ్ళు ఎవరూ చూడని తన వెలుగుని ఇవాళ ఇద్దరు చూశారని లీలావతికి తెలుసు. మూడోవాడు కూడా చూస్తున్నాడని తెలియదు.